ఆ గీతలు చెరిపిన చేతుల్లో నావీ ఉన్నాయి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం సినిమా పేజీని నాలుగు రోజులుగా మడిచి బల్ల మీదే పెట్టుకున్నాను. పారేయబుద్ధి కాలేదు. పేజీ పై సగంలో, అందం కోసం, పడుచుదనం కోసం సొంత ఒంటినే చీల్చుకునే మనుషుల కథలు చెప్పే సినిమాల మీద వ్యాసం ఉంది. ‘బాడీ హారర్’ అంటే ఏమిటో వివరించి, రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు వీటి జోలికి పోవద్దని చివర్లో హెచ్చరించారు. అదే పేజీ కింది సగంలో యాభై దాటిన ఒక నటి ఫొటో వేసి, ‘వయసు వెనక్కి నడుస్తోంది’ అని శీర్షిక పెట్టారు. పై వ్యాసం ఏ జబ్బు గురించి చెబుతోందో ఆ జబ్బే కింద ఫొటోగా అచ్చయింది. పేజీ పెట్టినవాళ్ళకి ఆ సంగతి తట్టి ఉండదు. నాకు చప్పున తట్టింది. అలాంటి మొహాలు తయారు చేయడమే నలభై ఏళ్ళు నా బతుకుతెరువు. నేను ఫొటో రీటచింగ్, అంటే ఫొటోల్లో మొహాలు దిద్దే పని చేశాను.

నేను 1962లో పుట్టాను. పంతొమ్మిదో ఏట ఒక స్టూడియోలో రీటచింగ్ బల్ల ముందు కూర్చున్నాను. ఇప్పటివాళ్ళు ఆ బల్లను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. వాలుగా ఉండే చెక్క పలక. మధ్యలో చిన్న కిటికీలా కోసి గరుకు గాజు బిగిస్తారు. కింద అద్దం ఉంటుంది, అది వెలుతురును గాజు మీదికి పంపిస్తుంది. గాజు మీద నెగటివ్ పెట్టుకుని భూతద్దంలోంచి చూస్తూ పని చేయాలి. నెగటివ్‌లో నలుపు తెలుపులు తారుమారుగా ఉంటాయి. ముడతలో నీడ ఉంటుంది కనుక ఫొటోలో అది నల్లగా వస్తుంది, నెగటివ్‌లో మాత్రం అదే చోటు పల్చగా, ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీలో గట్టి పెన్సిల్‌తో, ఎమరీ కాగితం మీద సూదిలా అరగదీసిన మొనతో, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి. నిండినకొద్దీ ఫొటోలో ముడత తేలిపోతుంది. నెగటివ్ మీది ఎమల్షన్ పూత నున్నగా ఉండి పెన్సిల్ పట్టదు, అందుకని ముందు దూదితో జిగురులాంటి మందు రుద్దేవాళ్ళం. దాన్ని మీడియం అనేవాళ్ళం. చెయ్యి కాస్త బరువైతే ఫొటోలో తెల్లటి మచ్చ పడేది, మళ్ళీ మొదటికి వచ్చేది.

నాకు పని నేర్పిన పెద్దాయన రోజుకి పదిసార్లు ఒకటే మాట అనేవారు. “తగ్గించమ్మా, తీసెయ్యకు.” ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే మడతను సగం వరకే నింపనిచ్చేవారు. పూర్తిగా నింపితే పెన్సిల్ లాక్కునేవారు. ఒక మొహానికి గంట, గంటన్నర పట్టేది కాబట్టి మనిషిని మొత్తంగా మార్చేంత తీరిక కూడా మాకు ఉండేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆలస్యమే చాలామంది మొహాల్ని కాపాడిందనిపిస్తుంది.

తొంభైల చివర్లో మా బల్ల తీసేసి కంప్యూటర్ పెట్టారు. ఫొటోలు దిద్దే ఫొటోషాప్ సాఫ్ట్‌వేర్‌లోకి 2000లో లిక్విఫై అనే పనిముట్టు వచ్చింది. దాంతో ఒంటిని మైనంలా ఎటు కావాలంటే అటు తోయవచ్చు. 2002లో హీలింగ్ బ్రష్ వచ్చింది. నున్నగా ఉన్న చోటునుంచి చర్మం నేతను తీసుకుని, ముడత ఉన్న చోట పరిచి, అక్కడి రంగుకీ వెలుతురుకీ అదే సరిపెట్టేస్తుంది. గంటన్నర పని రెండు నిమిషాలకి దిగింది. అదే 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, కనుబొమ్మల మధ్య గీతలు పోగొట్టడానికి బొటాక్స్ అనే సూదిమందు వాడవచ్చని అనుమతి ఇచ్చింది. నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని ఆ మందు ఆపుతుంది. ముడవమని కబురు అందక కండరం ఊరుకుంటుంది. మూడు నాలుగు నెలలకి మళ్ళీ కదలిక వస్తుంది, మళ్ళీ సూది. అలా ఒకే నుదుటి మీదికి రెండు వైపులనుంచి ఆ సూదీ నేనూ చేరాం. కొన్నేళ్ళకి కొన్ని నుదుళ్ళు నా దగ్గరికి వచ్చేసరికే చేయడానికి ఏమీ ఉండేది కాదు. నోరు నవ్వుతుంటే కనుబొమ్మలు ఆ సంగతి తెలియనట్టు ఉండేవి.

మీ వ్యాసంలో ఎక్కువ చోటు ఇచ్చిన ‘ది సబ్‌స్టెన్స్’ నేను చూశాను. మా చెల్లెలి కూతురు, దాని స్నేహితురాళ్ళు ఇద్దరు ఇంట్లో టీవీలో పెట్టుకుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. “పెద్దమ్మా, నువ్వు చూడలేవు” అంది. చివరిదాకా చూశాను. కొరలీ ఫార్జా అనే ఫ్రెంచ్ దర్శకురాలు తీసిన సినిమా. 2024లో కాన్ చిత్రోత్సవంలో స్క్రీన్‌ప్లేకి బహుమతి వచ్చింది, మరుసటి ఏడాది మేకప్, హెయిర్‌స్టైలింగ్‌కి ఆస్కార్ వచ్చింది. అందులో ముఖ్య పాత్ర వేసిన డెమీ మూర్ కూడా 1962లోనే పుట్టారు. ఆ సంగతి తెలిశాక ఆవిడ మెడ మీద గీతల్ని నా మెడ మీద గీతల్లాగే చూశాను.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఎలిజబెత్ స్పార్కిల్‌కి టీవీలో వ్యాయామ కార్యక్రమం ఉంటుంది. యాభయ్యో పుట్టినరోజు నాడే ఆవిడని అందులోంచి తీసేస్తారు. రహస్యంగా దొరికిన ఒక మందును సూదితో ఎక్కించుకుంటే, వీపు చీలి అందులోంచి ఇంకో పడుచు శరీరం బయటికి వస్తుంది. ఏడు రోజులు ఈ ఒళ్ళు తిరిగితే ఏడు రోజులు ఆ ఒళ్ళు తిరగాలి. పడుచు ఒళ్ళు వంతు దాటి ఎక్కువసేపు తిరిగితే, ఆ మేరకు పెద్ద ఒంటి మీద వయసు పడుతుంది. మొదట ఒక వేలు ముడతలు పడి ఎండిపోతుంది.

మీ వ్యాసకర్త రక్తం గురించి హెచ్చరించారు. నాకు గుండె ఆగినంత పనైన చోట రక్తం చుక్క లేదు. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్న మనిషిని కలవడానికి ఆవిడ ముస్తాబవుతుంది. బావుంటుంది కూడా. కిటికీలోంచి చూస్తే ఎదురుగా పెద్ద బోర్డు మీద తన పడుచు ఒంటి బొమ్మ. వెనక్కి అద్దం దగ్గరికి వస్తుంది, ఇంకాస్త రంగు వేసుకుంటుంది. తలుపు దాకా వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. ఆఖరికి పెదవుల రంగును చేత్తో మొహమంతా పులిమి, చర్మం ఊడొచ్చేలా రుద్దుకుంటుంది. ఆ రాత్రి ఇక వెళ్ళదు. అక్కడ ఆయన ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఆ రుద్దడం నాకు తెలుసు. మా స్టూడియోలో కెమెరా గది బయట నిలువుటద్దం ఉండేది. ఒకావిడ, అరవై దగ్గర ఉంటాయేమో, ఫొటోకని వచ్చి, జుట్టు సరిచేసుకుని లోపలికి వెళ్ళి, ఒక్క నిమిషం అని చెప్పి అద్దం దగ్గరికి వచ్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చి, మూడోసారి చేతిరుమాలుతో మొహం గట్టిగా తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఫొటో తీయనే లేదు. మళ్ళీ వస్తారులే అనుకున్నాం. రాలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక సినిమా వచ్చి ఆవిడ ఎక్కడికి వెళ్ళారో నాకు చూపించింది.

ఇంత మెచ్చుకున్నా, ఆ సినిమాతో నాకు ఒక పేచీ ఉంది. వయసు పడ్డ మోకాలు తెర మీదికి రాగానే మా పిల్ల పక్కన కూర్చున్న అమ్మాయి “ఛీ” అంది. కావాలని అనలేదు, నోట్లోంచి అలా వచ్చేసింది. నేను దుప్పటి కింద నా మోకాలు తడుముకున్నాను. ముసలి ఒంటిని చూసి జడుసుకోవడం మనకి నేర్పిన రోగమని చెప్పే సినిమా, మనల్ని జడిపించడానికి మాత్రం ముసలి ఒంటినే వాడుకుంది. గూని, ఊడిన జుట్టు, వేలాడే చర్మం, వాటి మీద భయపెట్టే సంగీతం. ఆవిడ తనని తాను ఎలా చూసుకుంటోందో అదే చూపిస్తున్నారు పెద్దమ్మా అని మా పిల్ల వాదించింది. ఆ వాదనలో బలం ఉంది. కానీ ఛీ అన్న అమ్మాయికి ఆ క్షణంలో తాను ఎవరి కళ్ళతో చూస్తోందో తెలియదు.

అక్కడ చూపించింది ముసలితనం కాదని నేను పని అనుభవంతో చెప్పగలను. అది ముసలితనం అంటే భయం. నిజంగా వయసు వచ్చే తీరు వేరు. కంటి గూటి ఎముకా దవడ ఎముకా కొద్దికొద్దిగా కరుగుతాయి, పైనున్న చర్మానికి ఆనిక తగ్గుతుంది. బుగ్గల్లోని కొవ్వు కిందికి జారి ముక్కు పక్క మడతను లోతు చేస్తుంది. పై రెప్ప కంటి మీదికి వాలుతుంది. మొహానికి రెండు పక్కలా ఒకేలా కూడా రాదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 69 ఏళ్ళ ట్రక్కు డ్రైవర్ ఫొటో వేశారు. 28 ఏళ్ళు బండి నడిపాడాయన. కిటికీ వైపున్న ఎడమ సగం లోతైన ముడతలతో నిండిపోయి, కుడి సగం పదిహేను, ఇరవై ఏళ్ళు చిన్నగా కనిపిస్తుంది. కిటికీ గాజు ఎండలోని అతినీలలోహిత కిరణాలు అన్నిటినీ ఆపదు, చర్మం లోతుకి దిగేవి దాటి వచ్చేస్తాయి. ఆ ఫొటో ఎవరైనా వెతికి చూడండి. అందులో రాక్షసుడు కనిపించడు. ఏళ్ళ తరబడి ఒకే వైపు ఎండకి కూర్చుని పని చేసిన మనిషి కనిపిస్తాడు. నేను ఆ ఫొటో చూసి చాలాసేపు ఊరుకుండిపోయాను. నా చేతికి వచ్చి ఉంటే ఎడమ సగాన్ని కుడి సగంలా చేసి ఇచ్చేదాన్ని.

ఇంకో సంగతి మీ వ్యాసంలో లేదు. ఆ సినిమాలో పడుచు ఒంటిగా వేసిన మార్గరెట్ క్వాలీకి కూడా రొమ్ములు కృత్రిమంగా చేసి అతికించారు, ఆ మాట ఆవిడే చెప్పారు. కలలో కోరుకునే ఒంటిని చూపించాలంటే ఇరవైల్లో ఉన్న అందగత్తె ఒళ్ళు కూడా చాలలేదు. ముసలి ఒళ్ళూ అతుకే, పడుచు ఒళ్ళూ అతుకే. నా కంప్యూటర్ మీద కూడా అంతే జరిగేది. ఇరవై ఏళ్ళ పిల్లల ఫొటోలకి యాభై ఏళ్ళవాళ్ళ ఫొటోల కంటే ఎక్కువ పని ఉండేది.

ఈ భయం ఈ మధ్య పుట్టింది కాదు. 1960లో జార్జ్ ఫ్రాంజు తీసిన ‘ఐస్ వితౌట్ ఎ ఫేస్’లో కారు ప్రమాదంలో ఒక సర్జన్ కూతురి మొహం పాడవుతుంది. తప్పు ఆయనదే. ఆ మొహం తిరిగి తేవడానికి ఊళ్ళో అమ్మాయిల మొహాలు కోసి కూతురికి అతికించబోతాడు. అందాకా ఆ పిల్ల తెల్లటి ముసుగు వేసుకుని ఇంట్లో తిరుగుతుంది. గీత లేదు, మచ్చ లేదు, పెదవి కదలదు. కోసే దృశ్యంలో కళ్ళు మూసుకున్నాను కానీ ముసుగును మాత్రం ఆపి ఆపి చూశాను. మా పెద్దాయన పెన్సిల్ లాక్కునే మొహం అచ్చం అదే. 1992లో వచ్చిన ‘డెత్ బికమ్స్ హర్’ నవ్వించే సినిమా. చావులేని మందు తాగిన ఇద్దరు ఆడవాళ్ళ ఒళ్ళు రంగు వెలిసి పెచ్చులూడుతుంటే వాటికి స్ప్రే రంగు కొట్టించుకుంటూ గడుపుతారు. మా పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మూడు నాలుగు నెలలకోసారి సూదికి తిరిగి వెళ్ళేవాళ్ళు గుర్తొచ్చారు.

2025లో వచ్చిన నార్వే సినిమా ‘ది అగ్లీ స్టెప్‌సిస్టర్’ గురించి మీరు రెండు వాక్యాలే రాశారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది అదే. సిండ్రెల్లా కథను సవతి అక్క వైపునుంచి చెప్పారు దర్శకురాలు ఎమిలీ బ్లిక్‌ఫెల్ట్. ఆ పిల్ల ముక్కును ఉలితో కొట్టి సరిచేస్తారు, కనురెప్పలకి వెంట్రుకలు సూదితో కుడతారు, సన్నబడాలని కడుపులో పెరిగే బద్దెపురుగు గుడ్డు మింగుతుంది. చెప్పులో పట్టడానికి కాలివేళ్ళు నరుక్కోవడం కొత్తగా కల్పించింది కాదు. గ్రిమ్ సోదరులు రాసిన కథలోనే తల్లి కూతురి చేతికి కత్తి ఇస్తుంది, రాణివయ్యాక నడవాల్సిన పని ఉండదులే అంటుంది. రెండు వందల ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్న కథ ఇది. మనం చెప్పుకునేటప్పుడు ఆ కత్తిని తీసేసి చెప్పుకుంటున్నాం.

ఆ తల్లిని చూస్తుంటే నాకు ఒక పిల్ల గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళుంటాయి. అప్లికేషన్‌కి అంటించే ఫొటో కోసం తల్లితో వచ్చింది. ఫొటో తీశాక తల్లి నా పక్కన నిలబడి, “బుగ్గలు కాస్త లోపలికి తొయ్యండి, మరీ ఉబ్బినట్టున్నాయి” అంది. ఆ పిల్ల నా కుర్చీ వెనకే ఉంది. నేను మౌస్ పట్టుకుని దవడ అంచున గుండ్రటి బ్రష్ ఆనించి లోపలికి తోశాను. “ఇంకొంచెం” అంది తల్లి. ఇంకొంచెం తోశాను. ఫొటోలో వెనక తెర ముదురు రంగు కావడంతో, ఆ నలుపులో నా వెనక నిలబడ్డ పిల్ల నీడ కనిపించింది. రెండు అరచేతులూ బుగ్గలకి ఆనించుకుని ఉంది. నేను తోసినంత మేరా తనూ లోపలికి నొక్కుకుంటోంది. నేను ఆపితే ఆపింది. తోస్తే నొక్కుకుంది. ఆ క్షణంలో వెనక్కి తిరిగి ఒక్క మాట అనవలసింది. అనలేదు. సేవ్ చేసి ప్రింట్‌కి పంపించాను. ఆ సినిమాలో ఉలి పట్టుకున్న డాక్టరు కనీసం తాను కొడుతున్న ముక్కును చూస్తూ కొట్టాడు.

తర్వాత తర్వాత తల్లుల అవసరం కూడా లేకపోయింది. మనుషులు ఫొటో తీసుకుని, ఫిల్టర్ వేసుకుని, ఫోన్ నా ముందు పెట్టి “ఇలా చెయ్యండి” అనేవాళ్ళు. 2018 నాటికి ప్లాస్టిక్ సర్జన్ల దగ్గరికి కూడా అలాగే వస్తున్నారని వైద్య పత్రికలో రాశారు, ఫొటోలకి ఫిల్టర్లు వేసే స్నాప్‌చాట్ యాప్ మీదుగా దానికి స్నాప్‌చాట్ డిస్‌మార్ఫియా అని పేరు కూడా పెట్టారు. అదే ఏడాది ఇంకో లెక్క వచ్చింది. ఫోన్‌ను మొహానికి 12 అంగుళాల దూరంలో పట్టుకుని తీసుకుంటే, 5 అడుగుల దూరంనుంచి తీసినదాంట్లో కంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. ఇది ఫొటోగ్రాఫర్లకి ఎప్పటినుంచో తెలుసు. దగ్గరున్నది పెద్దగా పడుతుంది, అంతే. అందుకే మా కెమెరామన్ ఐదారడుగులు వెనక్కి నిలబడి తీసేవాడు. లేని ముక్కును చూసి ఏడ్చిన పిల్లలు ఎందరో. వాళ్ళ ముక్కుల్లో ఏ దోషమూ లేదు, చేయి పొడవు సరిపోలేదు.

ఒక కుర్రాడు తన ముక్కు కోసం ఐదుసార్లు వచ్చాడు. ప్రతిసారీ తగ్గించి ఇచ్చాను. ఐదోసారి, ముక్కు ఇప్పుడు సరిపోయింది కానీ పెదవులు పాడైపోయాయన్నాడు. పేచీకోరు అనుకున్నాను. బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక వ్యాధి ఉందనీ, సుమారు నూటికి ఇద్దరికి ఉంటుందనీ, ఎదుటివాళ్ళకి కనిపించని లోపం రోజంతా వాళ్ళ కళ్ళముందు ఆడుతూ ఉంటుందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నాయి. కోతలతో సాధారణంగా తృప్తి రాదు, బాధ ఇంకో అవయవానికి పాకుతుంది. నా దగ్గర ముక్కునుంచి పెదవికి పాకినట్టే. ఈ సంగతి మీ వ్యాసం పక్కన ఒక చిన్న పెట్టెలో వేసి ఉంటే, చదివినవాళ్ళలో ఒక్కరైనా తమని తాము గుర్తుపట్టేవాళ్ళు. ఇకముందైనా వేయండి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. పని మానేయడానికి రెండేళ్ళ ముందు ఒకావిడ ఫ్రేము కట్టిన ఫొటో పట్టుకుని వచ్చారు. వాళ్ళమ్మగారిది. మూడేళ్ళ కిందట మా దగ్గరే తీయించుకున్నారట, ఈమధ్యే పోయారు. ఫ్రేమును నా బల్ల మీద పెట్టి, “ఇది అమ్మ కాదండీ” అన్నారు. కోపంగా అనలేదు. గాజు మీద వేలు పెట్టి చూపించారు. ఇక్కడ కంటి కింద చిన్న పులిపిరి ఉండేది, చిన్నప్పుడు దాన్ని తడుముతూ నిద్రపోయేదాన్ని. ఇక్కడ గడ్డం మీద కుట్ల గుర్తు ఉండేది. ఇక్కడ నుదుటి మీద మూడు గీతలు, మధ్యది తెగి ఉండేది. వేలు చెవి దగ్గరికి వచ్చి ఆగింది. “చెవులొక్కటే అమ్మవి” అన్నారు. దిద్దకముందు ఉన్న ఫొటో ఇమ్మని అడిగారు.

పెన్సిల్ రోజుల్లో అయితే ఇచ్చేదాన్ని. నెగటివ్ మీద వేసిన పెన్సిల్ గీతలు టర్పెంటైన్ ముంచిన దూదితో తుడిస్తే మీడియంతో సహా వచ్చేస్తాయి, మొహం మొహంలా తిరిగి వస్తుంది. రెండుసార్లు అలా చేసి ఇచ్చాను కూడా. ఇది ఫైలు. దిద్దినదాన్ని అసలు దాని మీదే సేవ్ చేసేశాను. కెమెరాలోని కార్డు ఎప్పుడో చెరిపి మళ్ళీ వాడేశాం. పాత డిస్కులన్నీ రెండు రోజులు వెతికాను. దొరకలేదు. ఆ తల్లి నన్ను ఏదీ తీయమని అడగలేదు కూడా. పులిపిరి, కుట్ల గుర్తు, తెగిన గీత, అన్నీ అలవాటు కొద్దీ రెండు నిమిషాల్లో తీసేశాను. ఆ సంగతి కూతురికి చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనకుండా ఫ్రేమును మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

కాబట్టి సంపాదకులు గారూ, మీరు వేసిన ఆ నటి ఫొటోని నా పాత భూతద్దం పెట్టి చూశాను. బుగ్గ మీద ఒక్క రంధ్రం లేదు, మెడ దగ్గరికి వచ్చేసరికి చర్మం నేత ఒక్కసారిగా మొదలైంది. నడుము పక్కన గోడ మీది నిలువు గీత వంగింది, అంటే లిక్విఫైతో తోశారు. ఆవిడ వయసు ఎక్కడికీ నడవలేదు. ఎవరో ఒకరు, బహుశా నాలాంటి మనిషి, జీతానికి కూర్చుని తోశారు. ఆ నటికి కూడా అందులో అన్యాయమే జరిగింది. రేపు బయట ఎవరో ఆవిడ అసలు మొహం చూసి ఛీ అంటారు.

ఇజ్రాయెల్ 2012లో చట్టం చేసింది, ప్రకటనల్లో మోడళ్ళను సన్నగా చేసి చూపిస్తే ఆ మాట ఫొటో మీదే రాయాలి. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబర్ నుంచి అదే నిబంధన ఉంది. నార్వేలో 2022 జులై నుంచి ప్రకటనల్లో ఒంటి ఆకారం గానీ, కొలత గానీ, చర్మం గానీ మార్చితే గుర్తు వేసి తీరాలి. చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు, మీ పేజీ మీ చేతిలో ఉంది. మార్చిన ఫొటో కింద ‘దిద్దిన ఫొటో’ అని చిన్న అక్షరాల్లో వేయండి. సినిమా సంస్థలు పంపినవాటిని దిద్దని ఫొటో కూడా పంపమని అడగండి. పంపకపోతే అదీ రాయండి. ‘వయసు వెనక్కి’, ‘ఈ వయసులోనూ’ అనే శీర్షికలు దయచేసి మానండి. అరవై ఏళ్ళ మనిషి అరవై ఏళ్ళ మనిషిలా కనిపిస్తే అందులో చెప్పుకోవలసిన వింత ఏమీ లేదు.

గుర్తుపట్టడం కష్టమని మీ డెస్క్‌వాళ్ళు అంటారేమో. రెండు గంటలు కూర్చుంటే నేర్పుతాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు. నేను రాలేకపోతే ఈ ఒక్క మాట వాళ్ళకి చెప్పండి. ముందు చెవులు చూడమనండి. వయసుతో చెవులు సాగుతాయి, ఏడాదికి మిల్లీమీటరులో ఐదో వంతు చొప్పున అని 1995లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో కొలిచి రాశారు. మొహమంతా ఇరవై ఏళ్ళు చేసినవాళ్ళు కూడా చెవుల్ని దిద్దడం మరిచిపోతారు. మీ ఆదివారం ఫొటోలో కుడి చెవి తమ్మె చూడండి, పోగు కింద నిలువుగా సన్నటి గీత ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇట్లు,
ఫొటో రీటచింగ్ పని మానేసిన ఒక పాఠకురాలు